మన ఊరి మిలిటరీ తాతల్ని సత్కరించాలనుకుంటే: శాలువా కొనేముందు చేయాల్సిన పనులు

ముందు ఒక లెక్క వేసుకోండి. 1971 యుద్ధంలో ఉన్న పద్దెనిమిదేళ్ల కుర్రాడికి ఇప్పుడు డెబ్బై దాటాయి. 1965లో పాకిస్తాన్ మీద పోరాడినవాళ్లు ఎనభైకి అటూ ఇటూ ఉన్నారు, 1962లో చైనా సరిహద్దు కొండల్లో చలికి వణికినవాళ్లయితే ఎనభై దాటేశారు. మన తెలుగు ఊళ్లలో ఇలాంటివాళ్లు ఇంకా ఉన్నారు, రోజూ మనకు ఎదురుపడుతూనే ఉంటారు. రచ్చబండ దగ్గర పేపరు చదివే పెద్దాయన, పొద్దున్నే ఐదింటికే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని నడకకు వెళ్లే తాతగారు, "మిలిటరీ" అన్న మాటే ఇంటిపేరైపోయిన ముసలాయన. వీళ్లకి ఏదైనా చేయాలని మీకు అనిపిస్తే దయచేసి వచ్చే ఏడాదికి వాయిదా వేయకండి. మా ఊళ్లో అలా వాయిదా వేసుకున్న ఒక్క ఏడాదిలోనే జాబితాలోంచి రెండు పేర్లు కొట్టేయాల్సి వచ్చింది.

ఇంకో మాట కూడా చెప్పాలి. మేము మొదటిసారి చేసినప్పుడు తప్పుగా చేశాం. పదింటికి కార్యక్రమం అని చెప్పి, ముఖ్య అతిథి వచ్చేసరికి పన్నెండున్నర అయింది, అప్పటిదాకా ఏడుగురు పెద్దవాళ్లు షామియానా అంచున ఎండలో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. అందులో ఇద్దరికి షుగరు. తర్వాత మైకులో ఒకాయన పేరు తప్పు చదివారు, ఇంకొకాయన నేవీలో పనిచేస్తే ఆర్మీ అన్నారు. ఆ నేవీ ఆయన శాలువా మడిచి కుర్చీలో పెట్టి, ఎవరితోనూ ఏమీ అనకుండా ఇంటికి వెళ్లిపోయారు. ఆ మడిచిన శాలువా చూశాక మాకు అర్థమైంది, మేము ఆయన్ని పిలిచామే గానీ ఆయన గురించి ఏమీ తెలుసుకోలేదని. ఈ కింద రాసేదంతా ఆ తర్వాత నేర్చుకున్నదే.

మొదటి పని: ఎవరెవరు ఉన్నారో ఇల్లిల్లూ తిరిగి రాసుకోండి

జాబితా వాట్సాప్ గ్రూపులో అడిగితే రాదు. అడిగినా మీకు అందరికీ తెలిసిన ఇద్దరు ముగ్గురి పేర్లే వస్తాయి, అదీ పెద్ద ర్యాంకులో రిటైరైనవాళ్లవి. అసలైన జాబితా ఊళ్లో నడిస్తేనే దొరుకుతుంది. పాత పోస్ట్‌మన్ బతికి ఉంటే ముందు ఆయన దగ్గరికి వెళ్లండి. కేరాఫ్ 56 ఏపీఓ, కేరాఫ్ 99 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) అని రాసిన ఇన్లాండ్ లెటర్లు ఏ ఇంటి నుంచి వెళ్లేవో, మనియార్డర్ ఏ ఇంటికి వచ్చేదో ఆయనకి గుర్తుంటుంది. మాజీ సైనికుల కింద భూమి పట్టా ఎవరికి వచ్చిందో రెవెన్యూలో పనిచేసిన పాతవాళ్లకి తెలుసు. మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో నమోదు చేసుకున్నవాళ్ల వివరాలు ఉంటాయి, అక్కడికి వెళ్లి మీరు ఏం చేయాలనుకుంటున్నారో చెప్పండి. అడగ్గానే ఫోన్ నంబర్లు ఇచ్చేయకపోవచ్చు, ఇవ్వకపోవడమే మంచిది కూడా, కానీ వాళ్ల ద్వారా కబురు పంపొచ్చు.

యుద్ధం అనగానే తుపాకీ పట్టినవాడే అనుకోకండి. లారీ నడిపినవాళ్లు, వంతెన కట్టినవాళ్లు, వైర్లు వేసినవాళ్లు, వంట చేసినవాళ్లు, నర్సింగ్ చేసినవాళ్లు, సికింద్రాబాద్ ఈఎంఈ సెంటర్లో పని నేర్చుకుని ట్యాంకులు బాగు చేసినవాళ్లు, అందరూ యుద్ధం చేసినవాళ్లే. మన వాళ్లలో చాలామంది ఆర్మీ ఇంజనీరింగ్ దళమైన మద్రాస్ సాపర్స్‌లోనూ, మద్రాస్ రెజిమెంట్‌లోనూ, ఫిరంగులుండే ఆర్టిలరీలోనూ, టెలిఫోన్లూ వైర్‌లెస్సూ చూసే సిగ్నల్స్‌లోనూ పనిచేశారు. "మా ఆయన వట్టి డ్రైవరే బాబూ" అని ఇంట్లోవాళ్లు తీసిపారేసినా మీరు మాత్రం రాసుకోండి.

చనిపోయినవాళ్ల పేర్లు కూడా విడిగా రాసుకోండి, వాళ్ల భార్యలు ఉన్నారేమో కనుక్కోండి. ఆ సంగతి తర్వాత చెప్తాను.

రెండో పని: డిశ్చార్జి బుక్ చూడనివ్వమని అడగండి

ప్రతి సైనికుడి దగ్గరా ఒక డిశ్చార్జి బుక్ ఉంటుంది. పాత ఇనప ట్రంకు పెట్టెలో, పట్టుచీరల కింద, ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టుకుంటారు. అందులో నంబరు, ర్యాంకు, యూనిట్, ఎప్పుడు చేరారు, ఎప్పుడు దిగారు, ఏ పతకాలు వచ్చాయి అన్నీ ఉంటాయి. మీరు చదవబోయే పరిచయం, చేయించబోయే జ్ఞాపిక, వేయించబోయే ఫ్లెక్సీ, అన్నీ ఇందులోని అక్షరాలతోనే రావాలి. అడిగేటప్పుడు "రుజువు చూపించండి" అన్నట్టు ఉండకూడదు, "మీ పేరు తప్పు రాయకూడదని అడుగుతున్నాం తాతగారూ" అంటే ఆయనే పెట్టె తీస్తారు. ఫోటో తీసుకోవాల్సి వస్తే ముందు అడగండి, ఆ ఫోటో గ్రూపుల్లో పెట్టకండి. సర్వీసు నంబరు, పింఛను కాగితం నంబరు, ఆధారు ఇవన్నీ మోసగాళ్లకి చిక్కితే ఆయన బ్యాంకు ఖాతా ఖాళీ అవుతుంది.

ఒక చిన్న విషయం. కాగితం చూడకముందే నోటితో నంబరు అడిగి చూడండి. మా పెదనాన్న ఈ మధ్య మనవళ్ల పేర్లు కూడా తడబడుతున్నారు, కళ్లజోడు ఎక్కడ పెట్టారో గుర్తుండదు, కానీ "పెదనాన్నా, నీ ఆర్మీ నంబరెంత?" అనగానే వీపు నిటారుగా పెట్టి, ఒక్క అంకె తడుముకోకుండా చెప్పేశారు. ఆయన 1968లో సిగ్నల్స్‌లో చేరి, జబల్‌పూర్‌లో ట్రైనింగ్ అయ్యి, 1971లో ఫిరోజ్‌పూర్ వైపు రాత్రిళ్లు టెలిఫోన్ వైరు వేసేవారు. నంబరు చెప్పాక ఇంకో పావుగంట మాట్లాడారు. అంతకుముందు నలభై ఏళ్లలో ఆ సంగతులు మేమెవ్వరం వినలేదు.

పతకాల దగ్గర కాస్త జాగ్రత్త. 1965 యుద్ధానికి సమర్ సేవా స్టార్, రక్షా మెడల్ ఉన్నాయి, 1971కి తూర్పున పనిచేసినవాళ్లకి పూర్వీ స్టార్, పడమర పనిచేసినవాళ్లకి పశ్చిమీ స్టార్, ఇవి కాక సంగ్రామ్ మెడల్. ఇవి మరీ నల్లబడిపోయాయని చింతపండు పెట్టి తోమకండి, ఇత్తడి పాలిష్ కూడా వద్దు. సైనికుడి నంబరు, పేరు పతకం మీదే సన్నగా చెక్కి ఉంటాయి, రుద్దితే అవే అరిగిపోతాయి. మెత్తని పొడిగుడ్డతో తుడిస్తే చాలు. రిబ్బను చిరిగిపోతే కొత్తది వేయించొచ్చు, మిలిటరీ సామాను అమ్మే దుకాణాల్లో దొరుకుతుంది. పతకాలు పెట్టుకునేది ఎడమ వైపు రొమ్ము మీద. చాలామందికి కాగితంలో పతకం రాసి ఉన్నా చేతికి రాలేదు, లేదా ఇల్లు మారినప్పుడో వరదల్లోనో పోయింది. అలాంటప్పుడు ఆయన రెజిమెంటు రికార్డ్స్ ఆఫీసుకి డిశ్చార్జి బుక్ నకలు జతచేసి ఉత్తరం రాయండి, సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా రాస్తే ఇంకా మంచిది. నెలలు పడుతుంది, అందుకే కార్యక్రమానికి చాలా ముందే మొదలుపెట్టాలి. పోయిన పతకం మళ్లీ చేతికి రావడం కంటే పెద్ద జ్ఞాపిక మీరు ఎన్ని వేలు పోసినా కొనలేరు.

మూడో పని, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది: ఆయనకి రావాల్సింది వస్తోందా చూడండి

సన్మానం చేయడానికి వెళ్తున్నాం, డబ్బు సంగతి అడగడం బాగుంటుందా అని మొహమాటపడకండి. ఎనభై ఏళ్ల మనిషి పింఛను ఆగిపోయి బ్యాంకు చుట్టూ తిరుగుతుంటే మనం వేదిక మీద పూలదండ వేసి పంపడం ఏం న్యాయం?

వయసు పెరిగేకొద్దీ మూల పింఛను మీద అదనపు పింఛను వస్తుంది. 80 నిండితే 20 శాతం, 85కి 30, 90కి 40, 95కి 50, నూరేళ్లు నిండితే నూటికి నూరు శాతం. ఇది కుటుంబ పింఛను తీసుకునే భార్యకీ వర్తిస్తుంది. చిక్కంతా ఎక్కడొస్తుందంటే, చాలామంది భార్యల పుట్టిన తేదీ రికార్డుల్లో ఉండదు. తేదీ లేకపోతే 80 ఎప్పుడు నిండాయో కంప్యూటరుకి తెలీదు, ఆమెకి అదనం పడదు, ఆమెకి అసలు అలాంటిది ఉందనే తెలీదు. ఇప్పుడు పింఛను వ్యవహారం స్పర్శ్ అనే ఆన్‌లైన్ పద్ధతిలోకి మారింది, మీరు పక్కన కూర్చుని లాగిన్ చేసి వివరాలు సరిచూసి పెట్టండి.

ఇంకోటి మన పేర్ల గొడవ. మన ఇంటిపేరు సంగతి ఉత్తరాది క్లర్కులకి అర్థం కాక ఒకచోట ఇనీషియలూ, ఒకచోట పూర్తి ఇంటిపేరూ రాసుకుపోయారు. భార్య పేరు ఆర్మీ కాగితంలో మహాలక్ష్మమ్మ, ఆధారులో లక్ష్మి. ఆయన ఉన్నన్నాళ్లూ ఏ ఇబ్బందీ రాదు, ఆయన పోయాక ఆమె "నేనే ఆ మహాలక్ష్మమ్మని" అని నిరూపించుకోవడానికి ఏళ్లు తిరగాలి. ఆయన ఉండగానే, ఆయన సంతకం పనికొస్తుండగానే ఈ పేర్లు సరిచేయించండి. ఇది ఒక్కటి చేసిపెట్టినా మీరు ఆ ఇంటికి చాలా చేసినట్టు.

ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడం మరో టెన్షన్. పొలం పని చేసిన చేతులకి వేలిముద్ర పడదు, మిషను నాలుగుసార్లు కాదంటుంది, ఆయన కిందికి చూస్తూ వేలు పంచెకి తుడుచుకుంటూ నిలబడతారు. అలా నిలబెట్టక్కర్లేదు. ఇప్పుడు జీవన్ ప్రమాణ్ అనే ఆన్‌లైన్ పద్ధతిలో ఫోన్ కెమెరాకి ముఖం చూపించి ఇంట్లోనే ఇచ్చేయొచ్చు. ఊళ్లో ఇద్దరు కుర్రాళ్లు ఒక ఆదివారం కూర్చుంటే అందరివీ అయిపోతాయి.

అసలు పింఛనే లేనివాళ్లు కూడా ఉంటారు. పింఛనుకి మామూలుగా పదిహేనేళ్ల సర్వీసు ఉండాలి, ఇంటి పరిస్థితులు బాగాలేక ఏడెనిమిదేళ్లకే వచ్చేసినవాళ్లు యుద్ధం చూసినా పింఛను చూడలేదు. పింఛను రాని, 65 దాటిన, హవల్దారు స్థాయి వరకూ ఉన్న పేద మాజీ సైనికులకి, వాళ్లు పోతే వాళ్ల భార్యలకి కేంద్రీయ సైనిక్ బోర్డు నుంచి నెలనెలా సాయం ఉంది, దరఖాస్తు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారానే వెళ్తుంది. వైద్యానికి మాజీ సైనికుల ఆరోగ్య పథకం ఈసీహెచ్‌ఎస్ కార్డు ఉందా, ఉంటే పాలీక్లినిక్కి తీసుకెళ్లే మనిషి ఉన్నాడా అనేది కూడా అడగండి. కార్డు ఉండి, యాభై కిలోమీటర్లు బస్సులో వెళ్లలేక ఊళ్లో మెడికల్ షాపులో డబ్బులు పెట్టి మందులు కొనుక్కుంటున్నవాళ్లు నాకే ముగ్గురు తెలుసు. నెలకోసారి ఎవరో ఒకరు బండి తీసుకెళ్లి వాళ్లని దింపి తీసుకురావడం, అదీ సన్మానమే.

నాలుగో పని: కూర్చుని వినండి, వీలైతే రికార్డు చేయండి

ఉదయం టిఫిన్ అయ్యాక వెళ్లండి, అప్పుడు మనసు హుషారుగా ఉంటుంది. ఫ్యాను ఆపేయండి, టీవీ కట్టేయండి, ఫోను ఆయనకి దగ్గరగా స్టూలు మీద పెట్టి ముందు ఒక నిమిషం రికార్డు చేసి విని చూసుకోండి. ఫిరంగుల దగ్గర పనిచేసినవాళ్లలో చాలామందికి చెవులు సరిగా వినపడవు, కాబట్టి ఎదురుగా కూర్చుని నిదానంగా అడగండి, వెనక నుంచి అరవకండి. ఒక పూటకి నలభై నిమిషాలు చాలు. మిగతాది ఇంకో రోజు.

"ఎంతమందిని చంపారు తాతా?" అని ఎప్పుడూ అడగొద్దు. పిల్లల్ని తీసుకెళ్తే ముందే చెప్పి తీసుకెళ్లండి. యుద్ధం గురించి నేరుగా అడిగితే చాలామంది రెండు వాక్యాల్లో ముగించేస్తారు, చుట్టుపక్కల నుంచి అడిగితే అన్నీ వస్తాయి. సెలక్షన్‌కి ఎవరితో వెళ్లారు, ఇంట్లో చెప్పి వెళ్లారా, మొదటి రైలు ఎక్కడ ఎక్కారు, హిందీ ఎలా వచ్చింది (చాలామంది ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన హిందీ పాఠాలతో నేర్చుకున్నవాళ్లే), అన్నం తినే మనిషికి చపాతీలు ఎన్నాళ్లకి అలవాటయ్యాయి, మంచు మొదటిసారి ఎక్కడ చూశారు, పక్క బంకులో ఎవరుండేవారు, యుద్ధం ఆగిందన్న కబురు వచ్చినప్పుడు ఎక్కడున్నారు. ఆ చివరి ప్రశ్నకి వచ్చే జవాబుల కోసమైనా ఈ పని చేయాలి. 1971 డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సేన లొంగిపోయింది, దాదాపు 93 వేల మంది మన చేతికి చిక్కారు అని మనం పుస్తకంలో చదువుకున్నాం. మా పెదనాన్నకి ఆ రోజు అంటే గుర్తొచ్చేది వేరు. అరచేతులు వైరు కోసుకుపోయి ఉంటే, పక్కనున్న పంజాబీ ఆయన మగ్గులో టీ పోసి తన చేత్తో పట్టుకుని తాగించాడట. ఆ మాట చెప్తూ రెండు అరచేతులూ చూపించారు, గీతల్లా తెల్లటి మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. చిన్నప్పటి నుంచీ చూస్తున్న చేతులే, పొలంలో తెగాయనుకున్నాం.

తేదీ తప్పు చెప్పినా, రెండు సంఘటనలు కలిపేసినా మధ్యలో సరిదిద్దకండి, తర్వాత కాగితాలతో చూసుకోవచ్చు. మాట ఆగిపోతే ఆగనివ్వండి, కళ్లు తుడుచుకుంటే మంచినీళ్లు ఇవ్వండి, రికార్డింగు ఆపమంటే వెంటనే ఆపండి. కొన్ని సంగతులు ఆయన చెప్పకూడదు, కొన్ని చెప్పలేరు. బలవంతం చేయొద్దు.

తేదీ ఎప్పుడు పెట్టుకోవాలి

డిసెంబరు 16 విజయ్ దివస్ అందరికీ తెలిసిందే. డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినం, 1949 నుంచి జరుపుతున్నారు. నేనైతే జనవరి 14 అంటాను. 1953లో అదే రోజున మన సైన్యానికి మొదటి భారతీయ అధిపతి ఫీల్డ్ మార్షల్ కరియప్ప పదవీ విరమణ చేశారు, ఆ గుర్తుగా దాన్ని మాజీ సైనికుల దినంగా జరుపుతున్నారు. మనకి అది భోగీ సంక్రాంతుల రోజు. హైదరాబాద్‌లో, బెంగళూరులో, అమెరికాలో ఉన్న కొడుకులూ కూతుళ్లూ మనవలూ అప్పుడే ఊళ్లో ఉంటారు, తాతగారి సంగతులు వినాల్సింది వాళ్లే కదా. పండగ పూట వంటలు, పూజలు ఉంటాయి కాబట్టి సాయంత్రం నాలుగింటికి పెట్టుకోండి, ఎండా తగ్గుతుంది, చలీ రాదు.

ఆ రోజు

ముఖ్య అతిథి కోసం పెద్దవాళ్లని ఆపకండి. అతిథి ఆలస్యమైతే కార్యక్రమం మొదలుపెట్టేయండి. చేతులున్న కుర్చీలు వేయించండి, పట్టుకుని లేవడానికి కావాలి. వేదిక ఎత్తుగా ఉంటే పెద్దవాళ్లని ఎక్కించడం మానేసి, వాళ్లని ముందు వరసలో కూర్చోబెట్టి మనమే వాళ్ల దగ్గరికి వెళ్లి సత్కరించాలి. దగ్గర్లో బాత్రూమ్ ఎక్కడుందో ముందే చూపించండి. బాణసంచా వద్దు, డీజే వద్దు. చప్పుడుకి ఉలిక్కిపడి కుర్చీ పట్టుకున్న మనిషిని నేను చూశాను, అప్పటి నుంచి మా ఊళ్లో ఈ కార్యక్రమానికి ఒక్క టపాకాయ కూడా కాల్చలేదు. మూడు రంగుల జెండాని ఒంటి మీద కప్పకూడదు, శాలువా మామూలు శాలువాయే ఉండాలి.

పరిచయం చదివేవాళ్లు ఆయన ర్యాంకుతో మొదలుపెట్టాలి, "నాయక్ ఫలానా గారు", "సుబేదార్ ఫలానా గారు" అని. తర్వాత యూనిట్, ఏ ఏడు, ఎక్కడ, ఏం పని. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. ముందు రోజు ఆయనకే చదివి వినిపించి సరే అనిపించుకోండి. ఉపన్యాసాలు రెండు మించొద్దు. మాట్లాడతానన్న మాజీ సైనికుడికి మైకు ఇవ్వండి, వద్దన్నవాళ్లని లేపకండి.

మంచం మీద ఉన్నవాళ్ల ఇళ్లకి మీరే వెళ్లండి. 2021 ఫిబ్రవరిలో, 1971 యుద్ధం స్వర్ణోత్సవాల సమయంలో, మహావీర్ చక్ర అందుకున్న మేజర్ జనరల్ సి. వేణుగోపాల్ గారిని సత్కరించడానికి అప్పటి ముఖ్యమంత్రి తిరుపతిలోని ఆయన ఇంటికే వెళ్లారు. పద్ధతి అదే. సభలో ఇచ్చే జ్ఞాపికే ఇవ్వండి, చదివే పరిచయమే మంచం పక్కన నిలబడి గట్టిగా చదవండి, వీధిలోవాళ్లని పిలవండి.

భార్యల సంగతి తర్వాత చెప్తానన్నాను కదా, వాళ్లని మర్చిపోకండి. యుద్ధం జరిగిన ఆ రోజుల్లో సైకిల్ బెల్లు వినపడితే గుండె ఆగిపోయేదని మా పెద్దమ్మ చెప్పేది, టెలిగ్రాం అంటే చావు కబురే అనుకునే కాలం. వాళ్లని పేరు పెట్టి పిలిచి పక్కన కూర్చోబెట్టి, చీర పెట్టి, వాళ్ల చేత నాలుగు మాటలు చెప్పించండి. భర్త పోయినవాళ్లని బొట్టూ పసుపూ లెక్కలతో పక్కన పెట్టే అలవాటు ఎవరికైనా ఉంటే ఆ రోజు ఆ మాట ఎత్తనివ్వకండి, మొదటి సత్కారం వాళ్లకే చేయండి.

డబ్బు మిగిలితే ఊళ్లో పేర్లతో ఒక రాయి వేయించండి. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు, రెండు ప్రపంచ యుద్ధాలకీ అక్కడి నుంచి మనుషులు వెళ్లారు, ఆ ఊరు తనవాళ్ల కోసం స్మారకం కట్టుకుంది. మీకు అంత అక్కర్లేదు, పంచాయతీ గోడ మీద ఒక నల్లరాతి పలక చాలు, అక్షరాలు చెక్కకముందు డిశ్చార్జి బుక్కులతో సరిచూసుకుంటే చాలు. వీలైతే నేవీవాళ్లని విశాఖ బీచ్ రోడ్డులోని విక్టరీ ఎట్ సీ స్మారకానికి తీసుకెళ్లండి, 1971 డిసెంబరు మొదట్లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది ఆ సముద్రంలోనే. పక్కనే మ్యూజియంగా మార్చిన కురుసుర జలాంతర్గామి లోపలికి మాత్రం మోకాళ్ల నొప్పులున్నవాళ్లని తీసుకెళ్లకండి, గుమ్మాలు గుండ్రంగా, ఇరుకుగా ఉంటాయి. ఆర్మీవాళ్లకైతే సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లోని వీరుల సైనిక స్మారక్ ఉంది. పొద్దున్నే వెళ్లి ఎండెక్కకముందే వచ్చేయండి.

అన్నీ అయ్యాక చేయాల్సిన పని ఒకటుంది

రికార్డు చేసినప్పుడు ఆయన ఏ స్నేహితుడి పేరు ఎక్కువసార్లు అన్నారో రాసుకుని ఉంటారు కదా. ఆ మనిషిని వెతకండి. పేరు, యూనిట్, రాష్ట్రం, జిల్లా తెలిస్తే అక్కడి సైనిక సంక్షేమ కార్యాలయానికి ఉత్తరం రాయొచ్చు, ఆ యూనిట్ మాజీ సైనికుల గ్రూపుల్లో అడగొచ్చు. చాలాసార్లు ఆలస్యమైపోయిందని తెలుస్తుంది, అప్పుడు ఆ సంగతి ఆయనకి కొడుకో కూతురో పక్కనుండగా మెల్లిగా చెప్పండి.

మాకు నాలుగు నెలలు పట్టింది. పెదనాన్నకి టీ తాగించిన పంజాబీ ఆయన కొడుకు నంబరు దొరికింది. వీడియో కాల్ కలిపి ఫోను చేతిలో పెట్టాం. తెర మీద తెల్లగడ్డం, నీలం తలపాగా కనిపించాయి, ఇద్దరూ కాసేపు ఒకరినొకరు గుర్తుపట్టలేదు. తర్వాత పెదనాన్న తన నంబరు చెప్పారు. అవతల నుంచి ఆయన తన నంబరు చెప్పారు. ఆ తర్వాత మా ఇంట్లో ఎవ్వరం ఎప్పుడూ వినని హిందీలో, గొంతు పెంచి, నవ్వుతూ, మధ్యలో కళ్లు తుడుచుకుంటూ ఫోను వేడెక్కేదాకా మాట్లాడారు. పెట్టేశాక నా వైపు తిరిగి దీన్ని రాత్రికి ఛార్జింగు పెట్టు, రేపు పొద్దున ఆరింటికి మళ్లీ చేస్తానని చెప్పాను అన్నారు.